ప్రాణం నిలిపే మాత్ర నకిలీ ఎలా అవుతుంది?

పోలీసు స్టేషన్‌లో ఒక ముసలావిడ. అనుమతి లేని మందు వాడుతున్నారని ఆమెతో పాటు మరికొందరు రోగులను అక్కడికి తీసుకొచ్చారు. ఆ మందు ఎవరు అమ్మారో చెప్పమని పోలీసులు అడుగుతున్నారు, ఒక్కరూ నోరు విప్పడం లేదు. ఆవిడ మాత్రం అధికారి చేయి పట్టుకుని మాట్లాడుతుంది. మూడేళ్లుగా జబ్బు. సీసా 40 వేల యువాన్ల మందు కోసం ఇల్లు పోయింది, కుటుంబం చితికిపోయింది. ఇప్పుడు చవకగా దొరికే మందును మీరు నకిలీ అంటున్నారు, అది పనిచేస్తుందో లేదో వేసుకునే మాకు తెలియదా అంటుంది. మీ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ జబ్బు రాదా అని అడుగుతుంది. తనకు చావాలని లేదు, బతకాలని ఉంది అంటుంది. అధికారి దగ్గర జవాబు లేదు.

2018 జులైలో చైనాలో విడుదలైన ‘డయింగ్ టు సర్వైవ్’ చిత్రంలోని ఘట్టమిది. దర్శకుడు వెన్ ముయేకు అది తొలి పూర్తి నిడివి చిత్రం. 300 కోట్ల యువాన్లకు పైగా వసూలు చేసింది. కథానాయకుడు చెంగ్ యోంగ్ షాంఘైలో ఒక చిన్న దుకాణం పెట్టుకుని, భారత్ నుంచి వచ్చే కామోద్దీపక నూనె అమ్ముకునే మనిషి. దుకాణం అద్దె బాకీ ఉంది, తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడు. ఒక రక్త క్యాన్సర్ రోగి వచ్చి, భారత్‌లో తయారయ్యే మందు తెచ్చిపెట్టమంటాడు. మొదట డబ్బు కోసమే ఒప్పుకుంటాడు. సీసా 5 వేల యువాన్లకు అమ్మి బాగుపడతాడు. జైలు భయం పట్టుకోగానే వ్యాపారం వేరొకరికి వదిలేస్తాడు. మందు అందక స్నేహితుడు చనిపోయాక తిరిగి వస్తాడు, ఈసారి 500 యువాన్లకు అమ్ముతాడు. చివరకు చేతి డబ్బు వేసుకుని అమ్ముతాడు. పట్టుబడి జైలుకు వెళతాడు.

ఇలాంటి కథ చూశాక ప్రేక్షకుడు ఎవరి పక్షాన ఉంటాడో వేరే చెప్పనక్కరలేదు. నేనూ ఆ పక్షమే. కానీ ఆ సానుభూతి దగ్గరే ఆగిపోతే విషయం అర్థం కాదని నా నమ్మకం. స్మగ్లర్‌ను క్షమించడం సులువు. అతని అవసరం ఎందుకు వచ్చిందో అడగడం కష్టం. దొంగచాటు మందుల కథల్లో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. ఆ మాత్రలో నిజంగా మందు ఉందా అన్నది ఒకటి. దాన్ని ఈ దేశంలో అమ్మడానికి అనుమతి ఉందా అన్నది మరొకటి. దాని మీద హక్కు ఎవరిది, ఆ హక్కుతో ఎంత ధర పెట్టవచ్చు అన్నది మూడోది. ఈ మూడింటినీ విడదీయకుండా న్యాయాన్యాయాలు తేల్చబోతే, విషం అమ్మేవాడూ ప్రాణం పోసేవాడూ ఒకే బోనులో నిలబడతారు. చైనాలో సరిగ్గా అదే జరిగింది.

ఒకే బోనులో ఎందరు

మొదట, ఏ సందేహానికీ తావులేని నేరం. 1949లో వచ్చిన ‘ది థర్డ్ మ్యాన్’ చిత్రంలో యుద్ధానంతర వియన్నాలో ఒక ముఠా పెన్సిలిన్‌ను దొంగిలించి, పలుచన చేసి అమ్ముతుంది. మెదడు పొరల వాపుతో ఉన్న పిల్లలకు ఆ మందు పడుతుంది. ఫలితం ఏమిటో ఆస్పత్రి వార్డులో నర్సుల ముఖాల్లోనే చూపిస్తాడు దర్శకుడు కెరొల్ రీడ్. ఇది డెబ్బై ఏళ్ల నాటి కల్పన అని ఊరుకోవడానికి లేదు. 2012లో అమెరికాలో అవాస్టిన్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్ పేరుతో అసలు మందే లేని సీసాలు బయటపడ్డాయి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఖరీదైన క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలను సేకరించి, వాటిలో ఫంగస్‌కు వాడే చవక మందు నింపి అమ్ముతున్నారన్నది అభియోగం. లక్షలు పోసి కొన్న రోగికి నరంలోకి ఎక్కింది ఏమిటో తెలిసే వీలే లేదు. ఇక్కడ నైతిక చర్చ అక్కరలేదు, శిక్ష కావాలి.

దాని పక్కనే ఉండేది నాసిరకం మందు. లైసెన్సు ఉన్న కంపెనీయే, అసలు పేరుతోనే, నాణ్యత లేకుండా తయారుచేసేది. భారతీయ జెనెరిక్ మందుల (అసలు మందుకు సమానంగా ఇతర కంపెనీలు తయారుచేసేవాటి) గురించి గర్వంగా మాట్లాడుకునేటప్పుడు రాన్‌బాక్సీని మరిచిపోకూడదు. ఆ కంపెనీ అమెరికా విభాగం 2013లో నేరం ఒప్పుకుని, సివిల్ పరిష్కారంతో కలిపి 50 కోట్ల డాలర్లు చెల్లించింది. పరీక్షల వివరాలను తారుమారు చేయడం కూడా అందులో ఉంది. చవక అన్నంత మాత్రాన మంచిదైపోదు. ఖరీదైనదీ అంతే.

మూడోది వేరే జాతి. మందు మంచిదే, ఒక దేశంలో చట్టబద్ధంగా తయారైందే. కానీ ఇంకో దేశం నియంత్రణ సంస్థ దాన్ని పరిశీలించి అనుమతించలేదు. నాలుగోది ఇంకా వేరు. మందులో ఏ లోపమూ లేదు, దాని తయారీ మరొకరి పేటెంటు హక్కుకు అడ్డు వస్తుంది. అక్కడ దెబ్బ తగిలేది రోగి ఒంటికి కాదు, హక్కుదారు ఆదాయానికి.

ఈ నాలుగో సంగతి ఎంత వింతగా మారగలదో 2008 డిసెంబరులో తేలింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ రక్తపోటుకు వాడే లోసార్టన్ ముడిమందును బ్రెజిల్‌కు పంపింది. భారత్‌లో దానికి పేటెంటు అడ్డు లేదు, బ్రెజిల్‌లోనూ లేదు. సరుకు నెదర్లాండ్స్ మీదుగా వెళుతుండగా అక్కడి కస్టమ్స్ పట్టుకుంది. నెదర్లాండ్స్‌లో పేటెంటు ఉంది కాబట్టి, విమానం మారే చోట అది దొంగ సరుకైపోయింది. గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. ఇలాంటివి చూశాకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తన పదజాలాన్ని మార్చుకుంది. నాసిరకం మందులు, మోసపు మందులు అనే రెంటినీ ఆరోగ్య సమస్యగా ఉంచి, పేటెంటు తగాదాలను ఆ లెక్కలోంచి తీసేసింది. చేయవలసిన పనే, ఆలస్యంగా చేశారు.

చైనా చట్టం మాత్రం 2019 దాకా వీటిని కలిపే చూసింది. 2001 నాటి ఔషధ పరిపాలన చట్టం 48వ అధికరణ ప్రకారం అనుమతి లేకుండా దిగుమతి చేసిన మందును నకిలీ మందుగానే పరిగణించాలి. అది పనిచేస్తుందా లేదా అన్న విచారణ అక్కరలేదు. 2011లో శిక్షాస్మృతిని సవరించి దీన్ని మరింత బిగించారు. అంతకుముందు నకిలీ మందు ఆరోగ్యానికి తీవ్రంగా హాని చేసేంతటిదని చూపాల్సి ఉండేది. ఆ షరతును తొలగించారు. పిండి మాత్రలు అమ్మేవాళ్లను సులువుగా శిక్షించాలన్నదే ఉద్దేశం, అది మంచిదే. కానీ ఆ వలలో వేరే చేప పడింది.

ల్యూ యోంగ్, చెంగ్ యోంగ్

సినిమాకు ప్రేరణ అయిన ల్యూ యోంగ్ వూషీ నగరానికి చెందిన చిన్న వ్యాపారి. 2002లో ఆయనకు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలింది. స్విస్ కంపెనీ నోవార్టిస్ తయారుచేసే గ్లివెక్ వాడాలి, నెలకు 23,500 యువాన్లు. 2004లో భారత్‌లో అదే మందు జెనెరిక్ రూపంలో సుమారు 4 వేల యువాన్లకు దొరుకుతుందని తెలిసి తెప్పించుకున్నారు. పనిచేసింది. తోటి రోగులకు చెప్పారు. కొనేవాళ్లు పెరిగేకొద్దీ ధర దిగుతూ కొన్నేళ్లకు 200 యువాన్ల దాకా వచ్చింది. డబ్బు పంపడం కష్టంగా ఉన్న రోగుల కోసం ఆయన ఇతరుల పేర్ల మీద ఉన్న బ్యాంకు కార్డులు కొని వాడారు, కేసు అక్కడే మొదలైంది. 2014లో హునాన్ రాష్ట్రంలోని యువాన్‌జియాంగ్‌లో నకిలీ మందులు అమ్మారన్న అభియోగం కూడా మోపారు. వందలాది రోగులు ఆయన పక్షాన సంతకాలు చేశారు. 2015 జనవరిలో ప్రాసిక్యూషన్ కేసు ఉపసంహరించుకుంది. ఆయన లాభం తీసుకోలేదనీ, చేసింది అమ్మకం కిందికి రాదనీ తేల్చింది.

సినిమా ఈ కథను రెండు చోట్ల మార్చింది. అసలు మనిషి రోగి, సినిమా మనిషి రోగి కాదు. అసలు మనిషి లాభం చూసుకోలేదు, సినిమా మనిషి మొదట లాభం కోసమే దిగుతాడు. ఈ మార్పు వల్ల కథకు ఒక ఎదుగుదల వచ్చింది. స్వార్థపరుడు త్యాగమూర్తి అవుతాడు. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. రోగులు తమ కోసం తాము సంఘటితమైన చరిత్ర, ఒక బయటి మనిషి వచ్చి కాపాడిన కథగా మారిపోయింది. ల్యూ యోంగ్ చేసిన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ మామూలు భాగమే. ఇంగ్లీషు రాని రోగులకు ఆర్డరు ఎలా పెట్టాలో, డబ్బు ఎలా పంపాలో ఓపికగా చెప్పడం. సినిమాలో అలాంటి పనికి చోటు దొరకదు.

ధర ఎక్కడ పుట్టింది

కంపెనీ వాదన వినకుండా తీర్పు చెప్పడం తగదు. సినిమాలో స్విస్ కంపెనీ ప్రతినిధి సూటు వేసుకున్న ప్రతినాయకుడు. అతని వాదనకు నిమిషం సమయం కూడా దక్కదు. నిజానికి ఆ వాదనలో బలముంది.

ల్యూ యోంగ్‌కు వచ్చిన ఈ జబ్బులో తొమ్మిదో క్రోమోజోము, ఇరవై రెండో క్రోమోజోము ముక్కలు మార్చుకుంటాయి. ఆ అతుకు దగ్గర పుట్టే ప్రోటీను తెల్ల రక్తకణాలను ఆపు లేకుండా విభజించమని పురికొల్పుతుంది. గ్లివెక్‌లోని ఇమాటినిబ్ సరిగ్గా ఆ ప్రోటీనుకే అడ్డుపడుతుంది. అంతకుముందు ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు, లేదంటే మూలుగ మార్పిడి. 2001 మేలో అమెరికా ఈ మందును అనుమతించాక, కొద్ది ఏళ్లలో ప్రాణం తీసే జబ్బు రోజూ మాత్ర వేసుకుంటూ బతకగలిగే జబ్బుగా మారింది. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లిన మందుల్లో పదింట తొమ్మిది విఫలమవుతాయి. గెలిచిన ఒక్కటీ మిగతావాటి ఖర్చు మోయాలి. కాపీ చేసేవాడికి ఆ ఖర్చు లేదు. అందరూ కాపీలే చేస్తే, ఇమాటినిబ్‌కు లొంగని రకం జబ్బు వచ్చిన రోగికి తర్వాతి మందు ఎవరు కనిపెడతారు? అలాంటి రోగుల కోసం నిలోటినిబ్, డసాటినిబ్ వచ్చాయి. అవి స్మగ్లర్లు తెచ్చినవి కావు, పేటెంటు ఆదాయం మీద నడిచే కంపెనీలు తెచ్చినవి.

ఇంతవరకు ఒప్పుకుంటాను. ఇక్కడి నుంచి ఆ వాదన నిలవదు. ధర పరిశోధన ఖర్చును బట్టి నిర్ణయమయ్యేదైతే, ఖర్చు తిరిగి వచ్చాక తగ్గాలి. అమెరికాలో ఈ మందుకు 2001లో ఏడాదికి సుమారు 30 వేల డాలర్లు. 2012 నాటికి 92 వేలు. మందు అదే, మాత్ర అదే. 2013లో ఈ జబ్బు నిపుణులు వంద మందికి పైగా కలిసి ‘బ్లడ్’ అనే వైద్య పత్రికలో ఈ ధరలు మరీ ఎక్కువనీ, తగ్గించాలనీ రాశారు. వాళ్లు పేటెంట్లకు వ్యతిరేకులు కారు, కంపెనీలతో కలిసి పరీక్షలు నడిపిన వైద్యులే. పరిశోధన ఖర్చు ఎంతో కూడా స్పష్టంగా తెలియదు. ఒక కొత్త మందుకు సుమారు 260 కోట్ల డాలర్లని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టారు. 2020లో ‘జామా’ పత్రికలో వచ్చిన అధ్యయనం మధ్యస్థ అంచనా వంద కోట్ల లోపే. ఇంత తేడా రావడానికి ఒక కారణం ఖాతా పుస్తకాలు మూసి ఉండటం.

ఇందులో ప్రజల సొమ్మూ ఉంది. ఆ అసహజ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించినవాళ్లు, అది రెండు క్రోమోజోముల మధ్య మార్పిడి అని 1973లో చెప్పిన జానెట్ రౌలీ, రోగుల మీద పరీక్షలకు పట్టుబట్టి ముందుండి నడిపిన బ్రయన్ డ్రూకర్, వీళ్లంతా విశ్వవిద్యాలయాల, ప్రభుత్వ నిధుల ప్రపంచం నుంచి వచ్చినవాళ్లు. కంపెనీ రసాయన శాస్త్రవేత్తల కృషిని ఇది తగ్గించదు. కానీ మొత్తం పంట నాదే అనే హక్కును తగ్గిస్తుంది.

ఈ లెక్కలో మరో కఠినమైన సంగతి ఉంది. ఈ మందు రోగాన్ని అదుపులో ఉంచుతుంది, చాలామంది ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి. మందు ఎంత బాగా పనిచేస్తే రోగి అంతకాలం బతుకుతాడు, అంతకాలం కొంటాడు. రోగి ఆయుష్షు పెరిగేకొద్దీ అతని కుటుంబం ఆస్తి కరుగుతుంది. సినిమాలోని ముసలావిడ మూడేళ్లలో ఇల్లు పోగొట్టుకుంది మందు విఫలమై కాదు, పనిచేసి.

భారత్‌లో చట్టబద్ధం ఎలా అయింది

ల్యూ యోంగ్ మొదట వాడిన మాత్ర వీనాట్. తయారీదారు హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా. అది దొంగ తయారీ కాదు. 1970 పేటెంట్ల చట్టం మందుల మీద ఉత్పత్తి పేటెంటు ఇవ్వలేదు, తయారీ విధానానికే ఇచ్చింది. వేరే విధానంలో అదే మందు తయారుచేసుకోవచ్చు. ఆ వీలుతోనే మన రసాయన శాస్త్రవేత్తలు, కంపెనీలు ఎదిగాయి. 2001లో సిప్లాకు చెందిన యూసుఫ్ హమీద్ హెచ్ఐవీకి మూడు మందుల మిశ్రమాన్ని ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నాడు. అప్పటికి పాశ్చాత్య దేశాల్లో ఆ చికిత్స 10 వేల డాలర్లకు పైమాటే. ఆఫ్రికాలో చికిత్స సాధ్యం కాదన్న మాట ఆ ఒక్క ధరతో కూలిపోయింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 నుంచి భారత్ కూడా ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వక తప్పలేదు. ఆ సవరణలోనే 3(డి) సెక్షన్‌కు పదును పెట్టారు. పాత మందుకు కొత్త రూపమిచ్చి, వైద్యపరంగా అది మెరుగ్గా పనిచేస్తుందని చూపకపోతే పేటెంటు దక్కదు. ఇమాటినిబ్ మూల పదార్థం పాతది, భారత్ ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వని కాలానిది. నోవార్టిస్ దాని స్ఫటిక రూపానికి పేటెంటు కోరింది. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం కూడా కుదరదని చెప్పింది. అప్పట్లో గ్లివెక్ నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు, జెనెరిక్ 10 వేల లోపు. భారత్‌లో తన మందు వాడే రోగుల్లో అత్యధికులకు ఉచితంగానే ఇస్తున్నామని కంపెనీ చెప్పుకుంది. ఉచితంగా ఇవ్వడం మంచిదే. కానీ ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఇచ్చేవాడు నిర్ణయించే ఏర్పాటు అది. రోగి ప్రాణం ఒకరి దయ మీద ఆధారపడటాన్ని పరిష్కారం అనలేను.

అదే సమయంలో చైనాలో ఇమాటినిబ్ పేటెంటు అమల్లో ఉంది, 2013 ఏప్రిల్ దాకా నిలిచింది. పైగా అనుమతి లేకుండా దిగుమతైన మందు అక్కడ నకిలీ కిందే లెక్క. కనుక హైదరాబాద్‌లో చట్టబద్ధంగా పుట్టిన మాత్ర వూషీ చేరేసరికి నకిలీ అయింది. ప్రయాణంలో దాని రసాయనం ఏమీ మారలేదు.

జెనెరిక్ మందు మీద ఉన్న ఒక అపోహ కూడా తొలగాలి. అసలు మందుతో సమానమని తేల్చే పరీక్షలో రక్తంలోకి చేరే మోతాదు 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉండాలన్న నియమం ఉంది. దీన్ని పట్టుకుని జెనెరిక్‌లో 20 శాతం తక్కువ మందు ఉంటుందని చెబుతుంటారు, అది తప్పు. ఆ హద్దులు గణాంక అంచనా పరిధికి పెట్టినవి. సగటు ఎటైనా బాగా ఒరిగితే ఆ పరిధి హద్దు దాటి పరీక్ష తప్పుతుంది.

అన్ని దొంగచాటు మందుల కథలూ ఒకటి కావు

2013లో వచ్చిన ‘డల్లాస్ బయ్యర్స్ క్లబ్’ను కూడా ఇదే వరుసలో చెబుతుంటారు. దానిలో ప్రశ్న వేరు. 1985లో ఎయిడ్స్ అని తేలిన రాన్ వుడ్‌రూఫ్ అమెరికాలో అనుమతి లేని మందులను తెప్పించి, నెలకు 400 డాలర్ల సభ్యత్వం కట్టినవాళ్లకు ఇచ్చేవాడు. అక్కడ గొడవ ప్రధానంగా ధర గురించి కాదు, అనుమతి గురించి. చచ్చిపోతున్న మనిషికి ఇంకా రుజువు కాని మందు ప్రయత్నించే హక్కు ఉందా? ఉందనే నేనంటాను, అతనికి నిజం చెప్పిన పక్షంలో. సినిమా ఆ నిజం దగ్గరే తడబడింది. అప్పట్లో అనుమతి పొందిన ఎయిడ్స్ మందు ఏజడ్‌టీని దాదాపు విషంగా చూపింది. మొదట్లో ఇచ్చిన మోతాదు ఎక్కువన్న మాట వాస్తవం. తగ్గించిన మోతాదులో, ఇతర మందులతో కలిపి అదే మందు ఎందరినో బతికించింది. వుడ్‌రూఫ్ కోర్టుకెక్కి మరీ కోరుకున్న ‘పెప్టైడ్ టీ’ అనే మందు పనిచేస్తుందని మాత్రం ఎన్నడూ రుజువు కాలేదు. నియంత్రణ సంస్థను ప్రతినాయకుడిని చేయడం తెర మీద రక్తి కడుతుంది. కానీ ఆ సంస్థ లేకపోతే వియన్నా పెన్సిలిన్ ముఠాకు అడ్డెవరు?

ఏజడ్‌టీ ధర మీద పోరాటం జరిగింది, వీధిలో జరిగింది. ఏడాదికి 8 వేల డాలర్లు పలికిన ఆ మందు ధరకు నిరసనగా 1989 సెప్టెంబరులో యాక్ట్ అప్ అనే ఎయిడ్స్ ఉద్యమ సంస్థ కార్యకర్తలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి లోపలికి వెళ్లి లావాదేవీలకు అడ్డుపడ్డారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ ధర 20 శాతం తగ్గించింది. ఆ మందును 1964లో తొలిసారి తయారుచేసింది ప్రభుత్వ నిధులతో పనిచేసిన శాస్త్రవేత్త అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

స్మగ్లర్ ఇవ్వలేనిదేమిటో షాంఘై కథలోనే ఉంది. చెంగ్ యోంగ్ వ్యాపారం వదిలేసినప్పుడు దాన్ని అందుకున్నవాడు ఝాంగ్ చాంగ్‌లిన్. అంతకుముందు పిండి కలిపిన మాత్రలు అమ్మినవాడు. ఇప్పుడు అసలు మందును పట్టుకుని ధర రెట్టింపు చేస్తాడు. 5 వేలు కట్టగలిగిన రోగి 10 వేలు కట్టలేడు. సినిమాలో నాకు అత్యంత నిజాయితీగా తోచిన భాగమిది. చట్టం బయట నడిచే సరఫరా మొత్తం ఒక మనిషి మనస్సాక్షి మీద ఆధారపడుతుంది. ఆ మనిషి భయపడితే, మారితే, అరెస్టయితే మందు ఆగిపోతుంది. ఏదైనా తేడా జరిగితే ఫిర్యాదు చేయడానికి బ్యాచ్ నంబరు ఉండదు, బాధ్యుడు ఉండడు. ఈ మందు పెద్ద కంపెనీ నుంచి వచ్చిందా, ఢిల్లీలో పట్టుబడ్డలాంటి ముఠా నుంచి వచ్చిందా అన్నది రోగి కంటితో చూసి చెప్పలేడు.

ఇప్పుడు ఈ కథ మన గడప దగ్గరే తిరగబడి నడుస్తోంది. అత్యల్పాభివృద్ధి దేశం కావడంతో బంగ్లాదేశ్‌కు మందుల పేటెంట్ల విషయంలో ప్రపంచ వాణిజ్య సంస్థ 2033 దాకా మినహాయింపు ఇచ్చింది. అక్కడ కొత్త క్యాన్సర్ మందుల కాపీలు చట్టబద్ధంగా తయారవుతాయి. వాటిని అనుమతి లేకుండా సరిహద్దు దాటించి భారతీయ రోగులకు అమ్మే చీకటి బజారు ఉంది. ఒకప్పుడు చైనా రోగికి భారత్ ఏమిటో, ఇవాళ భారతీయ రోగికి బంగ్లాదేశ్ అది. సొంత వాడకానికి అనుమతి లేని మందు తెప్పించుకోవడానికి మన ఔషధ నియమాల్లో ఒక పర్మిట్ ఉంది. డాక్టరు చీటీతో దరఖాస్తు చేయాలి. ఆ దారి ఉందని తెలిసిన రోగులు చాలా తక్కువ.

తర్వాత ఏం మారింది

సినిమా విడుదలైన నెలలోనే చైనా ప్రధాని లీ కచ్యాంగ్ దాన్ని ప్రస్తావిస్తూ క్యాన్సర్ మందుల ధరలు త్వరగా తగ్గించాలన్నాడు. దిగుమతి సుంకం అప్పటికే, ఆ ఏడాది మేలో తీసేశారు. అక్టోబరులో 17 క్యాన్సర్ మందులను కంపెనీలతో బేరమాడి సగటున 56.7 శాతం తక్కువకు బీమా జాబితాలో చేర్చారు. 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, అనుమతి లేని విదేశీ మందును నకిలీగా లెక్కగట్టే నిబంధన పోయింది. వెన్నెముక కండరాల క్షీణతకు వాడే నుసినెర్సెన్ సూది ఒకప్పుడు సుమారు 7 లక్షల యువాన్లు. 2021లో ప్రభుత్వ ప్రతినిధులు గట్టిగా కూర్చుని బేరమాడితే సుమారు 33 వేలకు దిగింది. సినిమా వల్లే ఇదంతా జరిగిందనలేం, సంస్కరణలు ముందే మొదలయ్యాయి. అయినా జనం నోట ఆ మాట నలిగేలా చేసింది సినిమాయే. ధరను లొంగదీసింది మాత్రం స్మగ్లర్ కాదు, కోట్లమంది తరఫున కొనే ప్రభుత్వం.

భారత్ చేతిలో అంతకన్నా పదునైన సాధనం ఉంది, తప్పనిసరి లైసెన్సు. పేటెంటు ఇచ్చి మూడేళ్లు గడిచాక, మందు అందుబాటు ధరకు దొరకకపోతే మరో కంపెనీకి తయారీ అనుమతి ఇవ్వవచ్చు. హక్కుదారుకు రాయల్టీ వెళుతుంది, తయారీదారు నియంత్రణ సంస్థకు జవాబు చెప్పాలి. దొంగచాటు మందుకు లేని రెండు గుణాలూ ఇందులో ఉన్నాయి. 2012 మార్చిలో బేయర్ కంపెనీ మందు సొరాఫెనిబ్ మీద నాట్కోకు ఇలాంటి లైసెన్సు దక్కింది. నెలకు 2 లక్షల 80 వేల రూపాయల మందు 8,880కు వచ్చింది. అవసరమైన రోగుల్లో రెండు శాతానికి కాస్త మించి మాత్రమే ఆ మందు అందుతోందని పేటెంట్ల కంట్రోలర్ తేల్చారు. సుప్రీంకోర్టు దాకా ఆ ఉత్తర్వు నిలిచింది.

ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ మందుకూ మరో తప్పనిసరి లైసెన్సు రాలేదు. డసాటినిబ్ కోసం వచ్చిన దరఖాస్తును 2013లో, సాక్సాగ్లిప్టిన్ కోసం వచ్చినదాన్ని 2016లో తిరస్కరించారు. వెన్నెముక కండరాల క్షీణతకు వాడే రిస్‌డిప్లామ్ విషయంలో రోష్ కంపెనీ దావా వేస్తే, నాట్కో ఆ కంపెనీ పేటెంటునే కోర్టులో సవాలు చేసింది. 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు అమ్మకాన్ని ఆపడానికి నిరాకరించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. సీసా సుమారు 6 లక్షల మందు 15,900 రూపాయలకు మార్కెట్లోకి వచ్చింది. ఒక కంపెనీ తెగించి, కోట్లు ఖర్చుపెట్టి గెలిచింది కాబట్టి ఆ ధర వచ్చింది. తెగించే కంపెనీ లేని మందుల సంగతి ఏమిటి?

కేరళలో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక మహిళ 2022లో హైకోర్టుకు వెళ్లింది. ఆమెకు అవసరమైన రిబోసిక్లిబ్ నెలకు 58 వేల రూపాయలు. దానికి తప్పనిసరి లైసెన్సు ఇచ్చేలా ప్రభుత్వాన్ని ఆదేశించమని కోరింది. ఆమె ఎవరినీ దొంగతనంగా తెమ్మనలేదు, చట్టంలో రాసి ఉన్న దారినే అడిగింది. విచారణ సాగుతుండగానే ఆ ఏడాది సెప్టెంబరులో చనిపోయింది. విషయం ముఖ్యమైనదని హైకోర్టు కేసును తానే ముందుకు తీసుకుంది. పేటెంటు హక్కుకు ఇరవై ఏళ్లు కాలపరిమితి పెట్టిన చట్టం, ప్రాణాపాయంలో ఉన్న రోగి దరఖాస్తును నెలల్లోపే తేల్చే గడువు కూడా పెట్టాలి. అలాంటి అభ్యర్థనపై ప్రభుత్వం అవునో కాదో చెప్పి, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మహిళ కోర్టును అడిగింది అంతకన్నా పెద్ద కోరికేమీ కాదు.